నొప్పి లేని చెవి

టీ పెదవి చివర నుంచి కారి చొక్కా మీద పడితే నిద్రమత్తు అనుకున్నాను. గుంటూరు బ్రాడీపేటలో మా వీధి చివర టీ బండి అతనే ముందు చూశాడు. "అన్నా, మూతి వంకరపోయిందేంటి?" అన్నాడు. ఇంటికొచ్చి అద్దం చూస్తే ఎడమ కన్ను మూతపడటం లేదు. పక్షవాతమని అమ్మ ఏడుపు లంకించుకుంది.

కొత్తపేటలో డాక్టరు గారు కాళ్లూ చేతులూ ఎత్తించి, నుదురు ముడెయ్యమన్నారు. ఎడమ సగం కదల్లేదు. మెదడు పోటు అయితే సాధారణంగా నుదురు కదులుతుందట. వెంటనే "చెవి కారుతుందా?" అన్నారు.

కారుతుంది, ఏడో తరగతి నుంచీ. దిండు మీద చిన్న మరక పడేంత. నొప్పి లేదుగా! వెల్లుల్లి కాచిన నూనె, పుల్లకు చుట్టిన దూది, మందుల షాపువాడిచ్చిన చుక్కలు, వాటితోనే ఇరవై ఏళ్లు గడిపేశాను. "వాసన వస్తుందా?" అంటే తల దించుకున్నాను. ఆ వాసనకే బస్సులో ఎప్పుడూ ఎడమ కిటికీ సీటు వెతుక్కునేవాణ్ణి.

సీటీ స్కాన్ చూసి కొలెస్టియటోమా అన్నారు. పేరు విని క్యాన్సరేమోనని హడలిపోయాను. కాదు. కర్ణభేరి చర్మం లోపలికి గుంజుకుపోయి సంచిలా అయి, రాలిన పొరలు అందులో పేరుకుంటాయి. అది చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. ముఖాన్ని కదిలించే ఏడో నరం మధ్య చెవిలోంచే, పల్చటి ఎముక గొట్టంలో పోతుంది. నాకు ఆ గొట్టం కరిగింది. చెవికి పైకప్పు లాంటి ఎముక కూడా పోయుంటే చీము మెదడుకెక్కే ప్రమాదం ఉండేది.

అదే రోజు చేర్చుకుని రక్తనాళంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. రెండో రోజు మాస్టాయిడెక్టమీ. చెవి వెనక కోసి, ఎముక తొలిచి, సంచి తీసేసి, నరం మీద ఒత్తిడి తగ్గించారు. వినికిడికి పనికొచ్చే మూడు బుల్లి ఎముకల్లో రెండు అప్పటికే పోయాయి.

కోత కంటే కన్ను ఎక్కువ ఏడిపించింది. మూతపడని కన్ను ఎండిపోతుంది. పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంటు పెట్టి టేపు. నేను మిర్చి యార్డులో గుమాస్తాని. ఆ ఘాటులో అలాంటి కంటితో ఎవరు నిలబడతారు? రెండు నెలలు ఇంట్లోనే.

ఆరో వారంలో పెదవి చివర చిన్నగా అదిరింది. అమ్మని కేకేశాను, వచ్చేసరికి ఆగిపోయింది. నాలుగు నెలలకి కన్ను పూర్తిగా మూతపడింది. ఈల మాత్రం ఇప్పటికీ సరిగా రాదు. తలస్నానానికి ముందు చెవిలో వాజలిన్ దూది పెట్టుకోవాలి, పిలిచినప్పుడల్లా వెళ్లి చెవి శుభ్రం చేయించుకోవాలి. సంచి మళ్లీ పెరగొచ్చట.

మొన్న తెనాలి బస్సులో కుడి కిటికీ పక్కన కూర్చున్నాను. పక్కాయన ఏదో అడిగాడు. వినపడలేదు, ఎడమ వైపున్నాడు మరి.