ఆఖరి రీలు

మన స్కూలు బ్యాచ్ మళ్ళీ కలిసే రోజున తెచ్చే సావనీర్ కోసం కమిటీ నుంచి ఫోన్ వచ్చింది. "స్పోర్ట్స్ డే గురించి మన పొడుగుగాడు రాస్తున్నాడు, వరద సెలవుల గురించి కవలలు రాస్తున్నారు. నువ్వు సినిమాల గురించి రాయి. క్లాసిక్ అంటే ఏమిటో కూడా చెప్పు, అది నీ పనే కదా. రెండు పేజీలు చాలు" అంది అవతలి గొంతు. ఎవరో మీకు తెలుసు. ఆమె అడిగితే కాదనే ధైర్యం అప్పుడూ మనకు లేదు, ఇప్పుడూ లేదు.

సినిమా అనగానే నాకు వచ్చేది ల్యాబ్ పక్కనున్న పొడుగాటి గది. కిటికీలకు నల్లగుడ్డలు, గోడకి తెల్ల దుప్పటి, మధ్యలో రెండు బెంచీలు కలిపి వాటిమీద 16 ఎం.ఎం. ప్రొజెక్టర్. పక్కన చేతులు మడిచిన చొక్కాతో మన ఫిజిక్స్ మాస్టారు. తొమ్మిదో తరగతిలో ఇంకేం జరిగిందో నాకు నిజంగా గుర్తులేదు. పదో తరగతి అయితే మొత్తం మసక. ఆ శనివారం మధ్యాహ్నాలు మాత్రం ప్రతి చప్పుడుతో సహా ఉన్నాయి.

లూపు గుర్తుందా? ఫిల్ము ఎక్కించేటప్పుడు, బల్బు వెలుతురు బొమ్మ గుండా పోయే గేటుకి పైనొకటి, కిందొకటి కాస్త వదులుగా వదలాలని ఎన్నిసార్లు చెప్పారో. రీళ్ళు ఆగకుండా తిరుగుతుంటాయి, కానీ గేటు దగ్గర ఒక్కో బొమ్మ ఒక్క క్షణం కదలకుండా నిలబడాలి, సెకనుకి 24 సార్లు. ఆ తిరగడానికీ ఈ ఆగడానికీ మధ్య తేడాను లూపు మింగేస్తుంది. అది పోతే తెరమీద బొమ్మ వణికిపోతుంది, మనమంతా ఒక్కసారే "లూపు!" అని అరిచేవాళ్ళం. లెక్కల క్లాసులో ఇంటర్వెల్‌గాడు బోర్డు వైపు చూస్తూ నిద్రపోయినప్పుడు కూడా అలాగే అరిచాం. దాని ఫలితం మొత్తం వరుస అనుభవించింది.

ఇంకోటి, వాసన. డబ్బా మూత తీయగానే మాస్టారు ముందు ముక్కు దగ్గర పెట్టుకునేవారు, తర్వాత వరసగా మనందరి చేతా వాసన చూపించేవారు. పుల్లగా వెనిగర్ వాసన వస్తే ఆ ఫిల్ముకి జబ్బు చేసినట్టు. అసిటేట్ ఫిల్ము పాడవుతూ అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లమే దాన్ని ఇంకా తొందరగా తినేస్తుంది, పక్క డబ్బాలకీ అంటుకుంటుంది. పద్నాలుగేళ్ళ వయసులో నేర్చుకున్న ఆ వాసనే నాకు అన్నం పెడుతుందని అప్పుడు ఎవరనుకున్నారు!

ఇక ఆ శనివారం. ఇటలీ దర్శకుడు డి సికా తీసిన బైసికిల్ థీవ్స్, 1948 నాటిది. మొదలుపెట్టేముందు మాస్టారు రెండే మాటలు చెప్పారు. ఇందులో తండ్రి వేషం వేసినాయన నటుడు కాదు, ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి. అమెరికా నిర్మాత ఒకాయన హాలీవుడ్ హీరో కేరీ గ్రాంట్‌ని పెట్టుకుంటే డబ్బిస్తానన్నాడు, డి సికా ఒప్పుకోలేదు. తర్వాత లైటు ఆర్పారు. కింద పడే ఇంగ్లీషు అక్షరాలను అందుకునే వేగం మనకు లేదు కాబట్టి ఎప్పటిలాగే ఆయనే ప్రొజెక్టర్ పక్కన నిలబడి తెలుగులో చెబుతూ వచ్చారు. పోస్టర్లు అంటించే ఉద్యోగం, దానికి సైకిలు కావాలి. ఇంట్లో దుప్పట్లు తాకట్టుపెట్టి సైకిలు విడిపించుకుంటారు. మొదటిరోజే అది పోతుంది. తండ్రీకొడుకులు రోమ్ నగరమంతా వెతుకుతారు. తండ్రికి ఒక గొంతు, బ్రూనోకి ఒక గొంతు పెట్టి చెబుతున్న మాస్టారు, చివరి రీలు సగానికి వచ్చేసరికి చెప్పడం ఆపేశారు. మనలో ఎవరూ చెప్పమని అడగలేదు.

స్టేడియం బయట వరసలు వరసలుగా సైకిళ్ళు. ఒక గుమ్మం దగ్గర ఒంటరిగా ఇంకో సైకిలు. తండ్రి అటు వెళ్తాడు, ఇటు వస్తాడు. కొడుకు చేతిలో డబ్బులు పెట్టి ట్రామ్ ఎక్కి వెళ్ళమంటాడు. సరిగ్గా అక్కడ బల్బు టప్పుమంది.

చీకట్లో శబ్దం మాత్రం వస్తూనే ఉంది. శబ్దాన్ని చదివే దీపం వేరు, అది వెలుగుతూనే ఉంది. స్టేడియంలో జనం హోరు వినిపిస్తోంది. మాస్టారు వెంటనే మోటారు ఆపేశారు. "వినకండర్రా. దీన్ని చూడాలి" అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు.

ఇంకో బల్బు లేదు. తెప్పించడానికి కనీసం వారం. డబ్బాలేమో సోమవారం పొద్దున్నే తిరిగి పంపేయాలి. కథ చెప్పేయమని ఎంత బతిమాలినా చెప్పలేదాయన. తలా ఒక కాగితం ఇచ్చి, "తర్వాత ఏం జరుగుతుందో రాయండి" అన్నారు. పొడుగు పోలీసుల్ని దింపాడు. కవలలు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రెండు వేరే వేరే కథలు రాశారు. ఇంటర్వెల్ రాసినదాంట్లో బ్రూనో పెద్దవాడై సైకిళ్ళ కొట్టు పెడతాడు. నేను దొంగని పట్టించి, సైకిలు తెప్పించి, తండ్రిచేత కొడుకుని ఎక్కించుకుని ఇంటికి వెళ్ళేలా చేశాను. మన క్లాసులో దాదాపు అందరం ఆ సైకిలు ఇప్పించేశాం. కిటికీ పక్క బెంచీలో, ఏడాదంతా కలిపి పది మాటలు మాట్లాడని అమ్మాయి మాత్రం రెండు వాక్యాలు రాసి ఇచ్చింది. అది చదివి మాస్టారు చాలాసేపు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు. మార్కులు వేయలేదు. కాగితాలన్నీ ఒక ఖాళీ రీలు డబ్బాలో పెట్టి మూత బిగించారు. "ఎప్పుడో ఒకరోజు మీరే చూస్తారు. అప్పుడు వచ్చి నాకు చెప్పండి" అన్నారు.

కాలేజీ, ఉద్యోగాల వేట, ఊళ్ళు మారడం, వాటి గురించి రాయడానికి ఏమీ లేదు. ఇప్పుడు నేను పాత సినిమాలను బాగుచేసే పని చేస్తున్నాను. శిథిలమైన నెగెటివ్‌ను శుభ్రం చేసి, స్కాన్ చేసి, గీతలూ మరకలూ తీయడం. రెండు గంటల సినిమాలో 1,72,800 బొమ్మలుంటాయి. కొన్ని రోజులు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే తెరమీద పది సెకన్లు పూర్తవుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. వేరే పని చేయాలని ఒక్కరోజూ అనిపించలేదు.

అందుకే క్లాసిక్ అంటే ఏమిటని అడిగితే, నాకు ముందు డబ్బాలు కనిపిస్తాయి. మంచి సినిమా కాలానికి నిలుస్తుందంటారు. దాన్ని ఎవరో ఒకరు నిలబెడితేనే నిలుస్తుందని నా అనుభవం. మన దేశపు మొదటి టాకీ ఆలం ఆరా, 1931. ఇవాళ ఒక్క ప్రింటు లేదు. అది ఎంత గొప్పదో ఎవరు చెప్పగలరు? 1927లో వచ్చిన జర్మన్ మూకీ మెట్రొపోలిస్‌ను కత్తిరించి పారేశాక, పోయిన భాగాల్లో చాలావరకు 2008లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్‌లో దొరికాయి. దొరికింది కూడా 16 ఎం.ఎం. కాపీ, ఒళ్ళంతా గీతలు. ఆ వార్త చదివిన రాత్రి నేను ల్యాబ్ పక్క గదిని తలుచుకున్నాను. సత్యజిత్ రే అపు అనే కుర్రాడి కథగా తీసిన మూడు చిత్రాల నెగెటివ్‌లు 1993లో లండన్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలిన ముక్కలకు మళ్ళీ తేమ పట్టించి, చేత్తో అతికించి, 2015లో తెరమీదకు తెచ్చారు. కాలిన ఆ అంచుల ఫొటోలు చూస్తే నాకు కడుపులో తిప్పినట్టవుతుంది. వాటిని బతికించినవాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

వచ్చినప్పుడు ఆడకపోవడం కూడా పెద్ద విషయం కాదు. ఫ్రెంచి దర్శకుడు రెన్వార్ తీసిన రూల్స్ ఆఫ్ ది గేమ్‌ని 1939లో జనం ఈలలు వేసి తరిమారు, నెగెటివ్ యుద్ధంలో బాంబులకు పోయింది, 1959లో ముక్కలు ఏరి మళ్ళీ కూర్చారు. గురుదత్ కాగజ్ కే ఫూల్ కూడా 1959లో మునిగిన సినిమానే. ఇప్పుడు రెండిటికీ దణ్ణం పెట్టనివాళ్ళు లేరు.

మరి నిలబెట్టినవన్నీ క్లాసిక్కులా? కావు. నేను నెలల తరబడి శుభ్రం చేసిన వాటిలో ఒక్కసారి చూస్తే అయిపోయేవి చాలానే ఉన్నాయి. తేడా ఎక్కడుందో నాకు మాయాబజార్ నేర్పింది. 1957 నుంచి ఇంతమంది ఇన్నిసార్లు చూశారు కదా, అందులో పాండవులు ఒక్క షాట్‌లోనైనా కనిపించరని ఎంతమంది గమనించారు? నేను పాతికసార్లు చూశాకే గమనించాను. వాళ్ళు లేని లోటు తెలియకుండా అల్లారు కథని. ఎన్నిసార్లు వెళ్ళినా ఇంకా తెరవని గది ఒకటి మిగిలే ఉంటుంది అలాంటి సినిమాలో. (2010లో దానికి రంగులు వేశారు. ఆ శ్రమ విలువ నాకు తెలుసు. అయినా కెమెరామన్ మార్కస్ బార్ట్లే పట్టిన వెన్నెలని నలుపు తెలుపుల్లోనే చూడండి.)

బైసికిల్ థీవ్స్ పూర్తిగా చూడటానికి నాకు ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది. మీతో కలిసి చూసినప్పుడు నేను చూసింది సైకిలునే. ఇరవై మూడేళ్ళప్పుడు, చేతిలో ఉద్యోగం లేని రోజుల్లో, తండ్రి ఒక్కడే కనిపించాడు. సినిమా అయ్యాక బయటికొచ్చి చాలా దూరం నడిచాను. మా అబ్బాయి పుట్టాక చూస్తే బ్రూనో మొహం తప్ప ఇంకేమీ కనపడలేదు. పోయినేడు మళ్ళీ చూశాను. ఈసారి నన్ను ఆపేసింది, కాసేపే కనిపించే ఒక మనిషి, అతను తీసుకున్న చిన్న నిర్ణయం. ఎప్పటి నుంచో అక్కడే ఉన్నాడు, ఇన్నేళ్ళూ నేను చూడలేదు. సినిమాలో ఒక్క బొమ్మ మారలేదు. క్లాసిక్ గురించి నేను చెప్పగలిగింది ఇదే.

చివర్లో ఏం జరుగుతుందో ఇక్కడ రాయడం లేదు. మీలో కొందరు ఇంకా చూడలేదని తెలుసు. కిటికీ పక్క అమ్మాయి ఒక్కతే ఆరోజు సరిగ్గా రాసింది, అంతవరకే చెబుతాను.

మూడేళ్ళ క్రితం మేం బాగుచేసిన ఒక పాత సినిమా పెద్ద తెరమీద వేశారు. మాస్టారిని తీసుకెళ్ళి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. చివర్లో వేసే పేర్లలో నా పేరు వచ్చినప్పుడు ఆయన చెయ్యి నా మోకాలి మీద ఉంది. బయటికొచ్చాక అడిగారు, "రెండో రీల్లో కుడిపక్కన పొడుగ్గా ఒక గీత ఉండేది. అదేమయిందిరా?" మనకి అదే సినిమా చూపించిన ప్రింటులోని గీత అది. దాన్ని తీయడానికి నాకు పదకొండు రోజులు పట్టిందని చెప్పాను. ఆయన తలూపి, మర్నాడు ఇంటికి రమ్మన్నారు. వెళ్తే, అటక మీంచి ఒక డబ్బా దింపించి నా చేతిలో పెట్టారు. మూత తీసే ముందు ఇద్దరం వాసన చూశాం.

ఆ కాగితాలన్నీ ఉన్నాయి, పెన్సిలుతో రాసినవి కూడా చదవడానికి వస్తున్నాయి. కలిసినరోజు సాయంత్రం ఆరింటికి అందరూ ల్యాబ్ పక్క గదిలో ఉండాలి. కమిటీ ఒప్పుకుంది, కిటికీలకు నల్లగుడ్డలు కవలల బాధ్యత. మాస్టారు వస్తానన్నారు. ప్రొజెక్టర్ నేను తెస్తున్నాను, ఆఖరి రీలు నేను తెస్తున్నాను. ముందు సినిమా చూద్దాం, తర్వాత కాగితాలు చదువుదాం. బల్బులు మూడు తెస్తున్నాను.