తాతయ్య కారులో సీటు

ఆదివారం, రాత్రి పదిన్నర

రేపటి నుంచి చిట్టిని బడి నుంచి తీసుకొచ్చే డ్యూటీ నాన్నది. ఇన్నాళ్ళూ అమ్మ ఆటోలో వెళ్ళి తెచ్చేది, ఇప్పుడు మోకాళ్ళు మొరాయించాయి. సీతమ్మధార నుంచి అక్కయ్యపాలెం ఎంతో లేదు, రెండు కిలోమీటర్లు. కాకపోతే మధ్యలో హైవే దాటాలి. నా కారులో చిట్టిని కట్టి కూర్చోబెట్టే పిల్లల సీటు ఉంది, దాన్నే తీసి నాన్న కారులో పెడదామంటే అది ఐసోఫిక్స్‌ది. వెనక సీటు సందులో ఇనప కడ్డీలుంటేనే దాని కొక్కేలు పట్టుకుంటాయి. నాన్న పాత కారుకి అవి లేవు. రెండోది కొనాల్సిందే, అదీ బెల్టుతో బిగించేది.

"రెండు కిలోమీటర్లకి సీటేంటమ్మా? నిన్నూ తమ్ముణ్ణీ స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని సింహాచలం తీసుకెళ్ళలేదా?" అన్నారు నాన్న. మొదటి సీటు కొన్నప్పుడూ ఇదే స్కూటరు, ఇదే సింహాచలం. 2019లో చట్టం మార్చారు నాన్నా, పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బెల్టో సీటో లేకుండా కూర్చోబెడితే వెయ్యి రూపాయల ఫైను అన్నాను. "సీటెంత?" తొమ్మిది వేల దాకా అన్నాను. "అయితే తొమ్మిదిసార్లు దొరికినా మనకి నష్టం లేదు." వంటింట్లోంచి అమ్మ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

నిజం చెప్పొద్దూ, రెండోదే కదా, చవగ్గా తేల్చేద్దామని నేనూ చూశాను. నిన్న రాత్రి ఫోన్లో తొమ్మిది వందలకి ఒకటి కనిపించింది. గుడ్డ పరుపు, నాలుగు పట్టీలు, కారు సీటుకి మూటలా చుట్టి కట్టేయడమే. ఎన్ని ఫొటోలు తిప్పినా పరీక్ష పాసైన గుర్తు ఒక్కటీ లేదు. మా మొదటి సీటుకి నారింజ రంగు స్టిక్కరుంది, అందులో సున్నా చుట్టి ఇంగ్లిషు 'ఈ', పక్కన 4. ఆమోదం ఏ దేశం ఇచ్చిందో ఆ అంకె చెబుతుంది, 4 అంటే నెదర్లాండ్స్. అలాంటిది ఉన్నదే కొనాలనుకుని ఫోన్ పక్కన పడేశాను.

పొద్దున్న చిట్టిని ఎత్తుకుని తూకం మిషనెక్కాను, తర్వాత నేనొక్కదాన్నే ఎక్కాను. నా అంకె ఇక్కడ రాయను. తేడా పదిహేనున్నర కిలోలు.

ద్వారకానగర్‌లో మొదటి షాపతను "పదిహేను దాటింది కదా మేడమ్, బూస్టర్ చాలు" అన్నాడు. లెక్క ప్రకారం తప్పేం కాదు, పదిహేను కిలోల నుంచి బూస్టర్లున్నాయి. కానీ బూస్టర్ అంటే పిల్లని ఎత్తు చేసే పీట లాంటిదే, పట్టుకునేది కారు బెల్టు. పై పట్టీ భుజం మధ్యలోంచి, కింది పట్టీ తొడలకి ఆనుకుని ఉండాలి, దిగేదాకా పిల్ల అలాగే కూర్చోవాలి. మా చిట్టి మొదటి సిగ్నల్ దాటకుండానే నిద్రలోకి జారి ఒక పక్కకి ఒరిగిపోతుంది. మేలుకుని ఉంటే కింద పడ్డ బిస్కెట్టు కోసం వంగుతుంది. దానికి కిలోలు వచ్చాయి గానీ కుదురు రాలేదు. పైగా అతను పెట్టె విప్పనివ్వనన్నాడు.

ఆశీల్‌మెట్ట వైపు రెండో షాపు కుర్రాడు మంచివాడు, సీట్లు మోసుకొచ్చి కారులో పెట్టి చూసుకోమన్నాడు. తీరా చూస్తే కారులో బకిలే లేదు! కొన్న కొత్తలో వేయించిన రెక్సిన్ కవరు కింద పూడిపోయింది. అంటే పదమూడేళ్ళుగా ఆ కారులో వెనక ఎవరూ బెల్టు పెట్టుకోలేదన్నమాట, నాతో సహా. కుర్రాడు బ్లేడుతో కవరు కోస్తుంటే నాన్న అటు తిరిగి నిలబడ్డారు. ఆ సందులోంచి బకిల్‌తో పాటు రెండు వేరుశెనగ గింజలు, ఒక జడపిన్ను, గట్టిపడిపోయిన సింహాచలం చందనం పొట్లం బయటికొచ్చాయి. చందనం కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నారు.

మొదట పెట్టి చూసినదానికి బెల్టు జానెడు తక్కువ పడింది. రెండోది సరిపోయింది. తొమ్మిది నుంచి ముప్ఫై ఆరు కిలోల దాకా వాడొచ్చు. పద్దెనిమిది దాకా దాని సొంత ఐదు పట్టీలు, తర్వాత అవి తీసేస్తే బూస్టరవుతుంది. 9,200. ఇంత దూరం వచ్చి సంపత్ వినాయకుణ్ణి చూడకుండా ఎలా అని నాన్న గుడికి తిప్పారు. టైర్ల కింద నిమ్మకాయలతో కొత్త బళ్ళు వరసగా నిలబడి ఉంటే, మేము పదమూడేళ్ళ కారులోని సీటుకి కుంకుమ బొట్టు పెట్టించుకొచ్చాం.

ఇంటికొచ్చాక బిగించే పని నేనే మొదలుపెట్టాను. వీడియోలో చూపించినట్టే బెల్టు దూర్చి, బకిల్ పెట్టి లాగాను. నాన్న వచ్చి ఒంటి చేత్తో ఊపితే సీటు నాలుగు వేళ్ళ మేర కదిలింది. "ఇదీ ఒక కట్టేనా?" అన్నారు. ముప్ఫై ఏళ్ళు పోర్టులో లాషింగ్ పని చేసిన మనిషి. ఓడ ఎంత ఊగినా సరుకు కదలకూడదు, అదే ఆ పని. నన్ను తప్పుకోమని, మోకాలు సీట్లో వేసి ఒంటి బరువంతా దానిమీద మోపి, దొరికిన వదులు దొరికినట్టు బెల్టు లాగారు. చెమట బొట్లు రెక్సిన్ మీద పడుతున్నాయి. అంగుళం దాకా కదలొచ్చట నాన్నా అంటే, "అంగుళం మాత్రం ఎందుకు?" అన్నారు.

చిట్టిని కూర్చోబెట్టి భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూశాను, మడత దొరకలేదు. గట్టిగా ఉందేమోనని అమ్మ బొంత తెచ్చింది. నాన్న ఒప్పుకోలేదు. "మెత్తటిది కింద పెడితే అది నలిగి కట్టు వదులైపోతుందే."

"నీ కారులోది చూపించు," అన్నారు తర్వాత. అది ఐసోఫిక్స్, టక్కుమని పడిపోతుంది, చూడక్కర్లేదు అని కొంచెం గొప్పగానే చెప్పాను. తలుపు తీసి ఊపారు. ఎడమ పక్క పైకి లేచింది. వంగి చూశాను. కుడి కొక్కెం దగ్గర పచ్చ గుర్తు, ఎడమ వైపు ఎర్రది. పోయిన నెల విజయనగరం నుంచి బియ్యం బస్తాలు తెచ్చినప్పుడు సీటు తీసి మళ్ళీ పెట్టింది నేనే. నెల రోజులుగా రోజూ బడికి, మధ్యలో ఒకసారి భీమిలికి, చిట్టి ఒంటి కొక్కెం మీద తిరిగింది. అరచేత్తో నొక్కితే టక్ మంది, పచ్చ వచ్చింది. ఇంకోసారి నొక్కాను.

నాన్న ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనుంటే బావుండేది. పంపు దగ్గర చేతులు కడుక్కుంటూ, "రేపు బడి ఎన్నింటికి వదుల్తారు?" అన్నారు.

పన్నెండున్నరకి అన్నాను.

"పన్నెండుకే వెళ్తాలే. నీడ దొరకాలి. ఎండలో పెడితే ఆ బకిల్ కాలిపోద్ది."