మల్లికి పట్ట భయం పోగొట్టిన తీరు

"దానికి పొగరు రా. రెండు తగిలిస్తే అదే నడుస్తుంది" అన్నాడు మామ. చంద్రగిరిలో పెళ్లి ఊరేగింపులకు గుర్రం తిప్పే మనిషాయన. మోకాళ్లు మొరాయించి ఆయన ఇంటిపట్టున కూర్చోవడంతో మల్లి అనే ఆ గుర్రం పని నా మీద పడింది. మాఘమాసం ముహూర్తాలు దగ్గరకొచ్చేస్తున్నాయి. మల్లి ఏమో నీలం టార్పాలిన్ పట్ట కనబడితే చాలు, కాళ్లు బిగబట్టి నిలబడిపోతుంది. తిరుపతిలో పట్ట లేని వీధి ఎక్కడుంది? పూలబండి మీదా అదే, షామియానా పక్కనా అదే.

ముందు డాక్టరుకు చూపించాను. నొప్పి ఉన్న గుర్రమూ మొండికేస్తుంది కదా! కళ్లు, నోరు, వీపు, గిట్టలు అన్నీ బాగున్నాయి. ఆ తర్వాత తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివిన స్నేహితుడొకడు చదవాల్సినవి పంపుతూ వచ్చాడు.

మొదట తేలింది రంగు సంగతి. రంగులు పట్టే కణాలు మన కంట్లో మూడు రకాలు, గుర్రానికి రెండే. ఎరుపు, ఆకుపచ్చ దానికి సరిగా వేరుపడవు, నీలం, పసుపు బాగా తెలుస్తాయి. పెళ్లివాళ్లు పరిచే ఎర్ర తివాచీని పట్టించుకోని మల్లికి నీలం పట్ట కొట్టొచ్చినట్టు కనిపిస్తుందన్నమాట. పైగా చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూస్తుంది. గాలికి పట్ట మూల లేచినా దాని కంట పడాల్సిందే.

ఇంటి వెనక ఖాళీ స్థలంలో పట్టను మడిచి పెట్టి మొదలుపెట్టాను. చెవులు నిక్కబొడుచుకున్న చోటే ఆగడం, అది తల దించేదాకా తాడు ఊరికే పట్టుకుని ఉండటం, దించగానే వదులు చేసి వెనక్కి తిప్పడం. ఆ వదలడమే దానికి పాఠం. ఆలస్యంగా వదిలితే దేనికి వదిలామో దానికి అర్థం కాదు. తర్వాత ఇంకొంచెం దగ్గరగా, ఇంకో మడత విప్పి.

ఎడమ పక్కన పెట్టుకుని దాటడం అలవాటైంది. తిరిగి వస్తూ అదే పట్ట కుడి పక్కకు వచ్చేసరికి కథ మళ్లీ మొదటికొచ్చింది! గుర్రం మెదడులో రెండు సగాలకూ పొత్తు లేదని, ఒక కన్ను చూసింది రెండో కంటికి తెలియదని గుర్రాలవాళ్లు అంటుంటారు. అది నిజం కాదు. ఒక కంటికి గంత కట్టి నేర్పినదాన్ని గుర్రాలు రెండో కంటితోనూ గుర్తుపడతాయని గుర్రాల మీద పరిశోధన చేసే ఎవెలిన్ హ్యాంగి 1999లోనే చూపించారు. అసలు కారణం వేరే. అమెరికాలో జంతువుల ప్రవర్తనను పరిశోధించే టెంపుల్ గ్రాండిన్ బృందం, గుర్రాలకు బాగా అలవాటైన పిల్లల ప్లాస్టిక్ ఆటసామానును కాస్త తిప్పి పెట్టింది. కొత్త వస్తువును చూసినట్టే బెదిరాయవి. మల్లికి కుడివైపు నుంచి కనబడేది ఇంకో పట్ట. కాబట్టి అన్నీ రెండేసి సార్లు నేర్పాను: అటునుంచి, ఇటునుంచి, మడిచి, పరిచి, దడికి వేలాడదీసి.

ఇక మిగిలింది నా టెన్షన్. స్వీడన్‌లో 2009లో ఒక ప్రయోగం చేశారు. ఈసారి పక్కన గొడుగు తెరుస్తామని గుర్రాన్ని నడిపించే మనిషికి చెప్పారు. గొడుగు తెరవనేలేదు, మనిషి గుండెతో పాటు గుర్రం గుండె కూడా వేగం పెంచింది. ఇది చదివాక పట్ట వంక చూడటం మానేసి, ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు మీద చూపు నిలిపి నడిచాను. తేడా వెంటనే తెలిసింది. మామ చెప్పిన వైద్యం ఎందుకు పనికిరాదో కూడా దొరికింది: 2016లో ఇంగ్లండ్‌లోని సస్సెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు కోపంగా ఉన్న మొహాల ఫొటోలు చూపిస్తేనే గుర్రాల గుండె వేగం త్వరగా పెరిగిపోయింది. ఇక కొడితే?

మొదటి ఊరేగింపులో షామియానా పక్కనుంచి వెళ్లేటప్పుడు ఒక చెవి అటు తిప్పింది, అంతే, నడక ఆపలేదు.

టపాసులకు మాత్రం అలవాటు చెయ్యలేదు, చెయ్యదలచుకోలేదు కూడా. మనకు వినబడనంత పైస్థాయి శబ్దాలు కూడా గుర్రానికి వినబడతాయి. వీపు మీద పెళ్లికొడుకు, చుట్టూ చిన్నపిల్లలు. బేరం కుదిరేముందే చెప్పేస్తున్నాను, సరాలు కాలిస్తే గుర్రం రాదని. ఒకరిద్దరు అడ్వాన్సు వెనక్కి తీసుకున్నారు.