ఫ్లోరెన్స్‌లో మేం: బొమ్మలు, బేరాలు, నాలుగు ఇటాలియన్ ముక్కలు

ఫ్లోరెన్స్‌లో ఏ కొట్లోకి వెళ్లినా ముందు "బూన్‌జోర్నో" (నమస్కారం) అనాలి. ఆ మాట గుమ్మంలో పడ్డాకే మిగతా వ్యవహారం. మన దగ్గర కొట్టతనే "రండమ్మా, ఏం చూపించమంటారు" అని పిలుస్తాడు. అక్కడ లోపలికి వచ్చినవాళ్లు ముందు పలకరించడం మర్యాద. సాయంత్రమైతే "బొనసేరా". ఏమీ కొనకుండా బయటికొస్తున్నా సరే "గ్రాత్సియే, అరివెదేర్చి" (థాంక్స్, వెళ్లొస్తాం) అని చెప్పి రావాలి. సినిమాల్లో వినే "చావ్" చనువున్నవాళ్ల మధ్య మాట, కొట్టువాళ్ల దగ్గర వద్దు.

మా పిన్ని కొడుకు ఇటలీలోనే బొలోన్యా అనే ఊళ్లో చదువుతున్నాడు. వాణ్ణి చూడ్డానికి వెళ్తూ పిన్ని నన్ను తోడు తీసుకెళ్లింది. అక్కణ్ణుంచి ఫ్లోరెన్స్‌కి స్పీడు రైలెక్కితే నలభై నిమిషాలు కూడా పట్టదు. కిటికీ సీటు కోసం మాత్రం తాపత్రయపడకండి, దారి పొడవునా దాదాపు సొరంగాలే. శాంతా మరియా నొవెల్లా స్టేషన్లో దిగితే చూడవలసినవన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటాయి.

ముందు దువోమో, అంటే పెద్ద చర్చి. ఆ ఎర్రటి గుమ్మటాన్ని బ్రునెల్లెస్కీ అనే శిల్పి 1420లో మొదలుపెట్టి 1436లో పూర్తిచేశాడు. అంత వెడల్పు గుమ్మటానికి కింద నుంచి చెక్క ఊతం కట్టాలంటే కలప చాలదు. అందుకని ఊతమే లేకుండా వరస మీద వరస లేపుకుంటూ పోయాడు. పైకి 463 మెట్లు, లిఫ్టు లేదు, టికెట్‌తో పాటు టైము కూడా ముందే బుక్ చేసుకోవాలి. భుజాలు, మోకాళ్లు కప్పుకుని ఉండాలి. చీరలో ఉన్న పిన్నికి ఆ చిక్కు లేదు గానీ మోకాళ్లు ఒప్పుకోలేదు. "నువ్వెళ్లి రావే, నేనిక్కడ కూచుంటా" అంది.

గుమ్మటం నిజానికి ఒకటి కాదు, ఒకదాని లోపల ఒకటిగా రెండు. మెట్లు ఆ రెండింటి సందులోంచి వెళ్తాయి. పైకి పోయేకొద్దీ గోడ మన మీదికి ఒరుగుతుంది, ఒళ్లు పక్కకి వంచి ఎక్కాలి. ఇటుకలు చేతికందేంత దగ్గరగా ఉంటాయి. పడుకోబెట్టిన ఇటుకల మధ్య అక్కడక్కడా ఒకటి నిలువుగా దూర్చి ఉంటుంది, ఆ నిలువు ఇటుకలు ఏటవాలుగా పైకి పాకుతూ పోతాయి. సున్నం ఆరేలోపు వరస జారకుండా పట్టి ఉంచింది అవే. నాకు పైనుంచి కనిపించే ఊరి కన్నా ఆ సందే నచ్చింది.

మైకలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఉన్న అకడేమియా మ్యూజియంలో జనమంతా నేరుగా డేవిడ్ దగ్గరికే పరుగెడతారు. 5.17 మీటర్ల పాలరాతి మనిషి, 1504లో పూర్తయ్యాడు, చూడాల్సిందే. కానీ అక్కడికి వెళ్లే దారిలో అటూ ఇటూ సగం చెక్కిన ఖైదీల బొమ్మలున్నాయి. రాతిలోంచి మోకాలో భుజమో మాత్రమే బయటికొచ్చి, మిగతా అంతా ఉలి గీతలే. వాటి దగ్గర కాసేపు ఆగండి. ఉఫీజీ గ్యాలరీ గురించి చెప్పడం మొదలుపెడితే తెమలదు. ఒక పూట కేటాయించి, చిత్రకారుడు బొత్తిచెల్లీ బొమ్మలున్న గదులు చూసి, కాళ్లు మొరాయించగానే వచ్చేయడం మేలు. ఈ ఊరిని ఏలిన మెదిచీ వంశంలో చివరి ఆవిడ అన్నా మరియా లుయీసా, 1737లో కొత్త పాలకులతో ఒప్పందం రాయించుకుంది: మా ఇంటి కళాసంపద ఈ ఊరు దాటకూడదని. ఆ కాగితం వల్లే ఇదంతా ఇక్కడ మిగిలింది.

పోంతె వెక్కియో వంతెన మీదికొచ్చేసరికి పిన్ని కాళ్ల నొప్పులు ఎటుపోయాయో. వంతెనకి రెండు వైపులా నగల కొట్లు. ఒకప్పుడక్కడ మాంసం కొట్లుండేవి. కంపు భరించలేక 1593లో పాలకుడు ఫెర్దినాందో వాటిని పంపించేసి కంసాలులకిచ్చాడు. 1944లో జర్మన్లు వెనక్కి పోతూ ఊళ్లోని మిగతా వంతెనలన్నీ పేల్చేశారు, దీన్నొక్కదాన్నే వదిలారు.

"పొస్సో వెదెరె?" (చూడొచ్చా?) అన్నాను. కొట్టావిడ నల్ల మఖమల్ పళ్లెంలో సన్నటి గొలుసు పెట్టింది. పిన్ని గొలుసు సంగతి వదిలేసి కొక్కెం తిరగేసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి ముద్ర చూసింది. 750.

"అంటే ఎంతే?"

"పద్దెనిమిది క్యారట్లు, పిన్నీ."

"ఇంత డబ్బు పోసి పద్దెనిమిదా! మన 916 ఏమైంది?"

ఇటలీలో నగలు ఎక్కువగా పద్దెనిమిదే. మనలాగా ఇవాళ్టి రేటు, తరుగు, మజూరీ అని విడగొట్టి చెప్పరు, వస్తువు మొత్తానికి ఒకే ధర. "క్వాంతో కోస్తా?" (ఎంత?) అంటే కాగితం మీద రాసి చూపిస్తారు. పనితనం కోసం కొనుక్కునేవాళ్లకి బాగుంటుంది. బంగారాన్ని దాచుకునే సొమ్ముగా చూసే పిన్నికి నచ్చలేదు. "బెల్లిస్సిమో" (చాలా బాగుంది) అని నవ్వి, గొలుసు వెనక్కిచ్చేసింది.

తోలు సామాను సంగతి వేరు. శాన్ లొరెంత్సో చర్చి చుట్టూ వీధి దుకాణాల్లో బేరం నడుస్తుంది. "మి ఫా ఉనో స్కోంతో?" (కాస్త తగ్గిస్తారా?) అని నవ్వుతూ అడగండి. రెండు వస్తువులు తీసుకుంటే తగ్గించడం తేలిక. లోపలి కొట్లలో, ధర అతికించిన చోట బేరమాడకపోవడమే మంచిది. "వెరా పెల్లె" అంటే అసలు తోలు. ఆ చీటీని మాత్రమే నమ్మక, అంచు దగ్గర వేలితో రుద్ది, వాసన చూసి తీసుకోండి. రోడ్డు మీద దుప్పటి పరిచి అమ్మే నకిలీ బ్రాండు బ్యాగుల జోలికి వెళ్లొద్దు, కొన్నవాళ్లకీ జరిమానా పడుతుంది.

నేను కొన్నది శాంతా క్రోచె చర్చి వెనకున్న తోలు పాఠశాలలో. రెండో ప్రపంచయుద్ధం తర్వాత తల్లిదండ్రుల్లేని పిల్లలకి పని నేర్పడానికి పాదిరీలు, తోలు వ్యాపారులు కలిసి పెట్టింది. బల్లల దగ్గర పనివాళ్లు కోస్తూ కుడుతూ ఉంటారు, చూస్తూ నిలబడొచ్చు. నా చిన్న పర్సు మీద పేరులోని మొదటి అక్షరం వేస్తానన్నారు. పనివాడు ఇత్తడి అచ్చు వేడిచేసి, పల్చటి బంగారు రేకు పరిచి, అచ్చు ఒక్కసారి నొక్కి తీశాడు. మిగిలిన రేకు మెత్తటి గుడ్డతో తుడిచేస్తే అక్షరం మెరుస్తూ నిలిచింది.

ఒకే కొట్లో 70 యూరోలకు మించి కొంటే పన్ను కొంత వెనక్కి వస్తుంది. పాస్‌పోర్టు చూపించి "టాక్స్ ఫ్రీ" కాగితం అడగండి. యూరప్ యూనియన్ దాటే చివరి ఎయిర్‌పోర్టులో, సామాను లోపలికి ఇవ్వకముందే కస్టమ్స్ పని ముగించుకోవాలి.

ఇక తిండి. "సోనో వెజెతరియానా" (నేను శాకాహారిని, మగవాళ్లయితే వెజెతరియానో) అని చెప్పి వదిలేయకండి. "సెంత్సా కార్నె, సెంత్సా పెషె, సెంత్సా బ్రోదో" అంటూ మాంసం, చేప, మాంసం ఉడికించిన నీళ్లు, మూడూ వద్దని విడివిడిగా చెప్పండి. నిన్నటి రొట్టె, బీన్స్, నల్ల క్యాబేజీతో చేసే రిబొల్లీతా మాకు బాగా పట్టింది. అక్కడి రొట్టెలో ఉప్పే వెయ్యరు. పిన్ని హ్యాండ్‌బ్యాగులోంచి కందిపొడి తీసి, ఆలివ్ నూనెలో కలిపి, దానికి మోక్షం ప్రసాదించింది. మెర్కాతో సెంత్రాలె బజారులో చీజ్ కొనాలంటే "ఉనెత్తో" అనండి, వంద గ్రాములు. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. "ఇల్ కోంతో, పెర్ ఫవోరే" అంటే బిల్లు. అందులో "కొపెర్తో" అని కనిపిస్తే కంగారు పడొద్దు, మనిషికింత అని వేసే బల్ల ఖర్చు అది.

సోమవారం ఉఫీజీ, అకడేమియా రెండూ మూత. అందుకని ఆ రోజు కాషీనె తోటకి వెళ్లాం. 1870లో కొల్హాపూర్ మహారాజు రాజారాం ఇంగ్లండ్ నుంచి తిరిగొస్తూ ఫ్లోరెన్స్‌లో చనిపోయాడు, ఇరవై ఏళ్ల కుర్రాడు. ఆర్నో నదిలో మున్యోనె అనే వాగు కలిసే చోట మన పద్ధతిలో దహనం చేశారు. అక్కడ ఛత్రీ (గొడుగులాంటి మండపం) కింద తలపాగాతో, రంగులద్దిన ఆయన బొమ్మ ఉంది. పక్కనున్న కొత్త వంతెనని కూడా ఊరివాళ్లు "ఇండియన్ వంతెన" అనే పిలుస్తారు. పిన్ని చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది. కుక్కతో వచ్చిన ఒక పెద్దాయన ఆగి, "దల్లిందియా?" (ఇండియా నుంచా?) అన్నాడు. "సీ, సీ" అంటూ పిన్ని బొలోన్యాలో ఉన్న కొడుకు సంగతంతా తెలుగులోనే చెప్పేసింది, ఆయనా తలూపుతూ విన్నాడు. తోట ఆ కొస నుంచి ఈ కొసకి మూడు కిలోమీటర్లకు పైనే. పెద్దవాళ్లని తీసుకెళ్తే టాక్సీ మాట్లాడుకోండి.