కువైట్‌లో నాన్న, కడపలో దరఖాస్తు

మా వైపు పాస్‌పోర్ట్ అంటే కువైట్. సిద్ధవటం, ఒంటిమిట్ట చుట్టుపక్కల ఏ వీధిలో అడిగినా అక్కడ డ్రైవరుగానో వంటపనికో పోయినవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు, బీరువాలో పొలం పాస్‌బుక్కు పక్కనే పాస్‌పోర్టూ ఉంటుంది. అదే పాస్‌పోర్ట్ ఒక తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్ల పేరు మీద ఉండడం మాత్రం నా ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో చాలా తక్కువ చూశాను. ఈ పోస్టు దాని గురించే.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మూడేళ్ళ కిందట మా పదో తరగతి అమ్మాయి ఒకామె బోరు మోటారు కోసం ఒక పరికరం చేసింది. మోటారు తిరుగుతూ ఉండి పైపులో నీళ్ళు రావడం ఆగిపోతే బజర్ మోగుతుంది. వాళ్ళ బొప్పాయి తోటలో రాత్రి కరెంటుకు మోటారు వేసి పడుకుంటే, బోరులో నీళ్ళు తగ్గి, మోటారు ఖాళీగా తిరిగి కాలిపోయింది, వైండింగ్‌కు ఎంత అయిందో ఆ పిల్లకు పైసలతో సహా గుర్తుంది, అందుకే ఆ ఆలోచన వచ్చింది. ఆర్డ్యునో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు, నీళ్ళు పారుతున్నాయో లేదో కనిపెట్టే ఒక ఫ్లో సెన్సారు, ఇంతే. జిల్లాలో మెచ్చుకున్నారు, పై స్థాయిలోనూ మెచ్చుకున్నారు, చివరికి విదేశంలో జరిగే ఒక టెక్నాలజీ శిబిరానికి ఎంపికైందని మెయిల్ వచ్చింది. టికెట్టు, బస, తిండి అన్నీ వాళ్ళవే. ఇరవై ఐదు రోజుల్లో పాస్‌పోర్ట్ వివరాలు పంపాలి.

వాళ్ళమ్మను ఒప్పించడం కష్టం కాలేదు. "అంత దూరం ఆడపిల్లని యాల సార్?" అని ఒకసారి అడిగింది, ఇద్దరు టీచర్లు తోడు వెళ్తారమ్మా అని చెప్పాక, "మీరుండారు కదా, పంపిస్తా" అనింది. కష్టమంతా కాగితాల దగ్గర వచ్చింది. మైనర్ పాస్‌పోర్టుకు తల్లీ తండ్రీ ఇద్దరి సమ్మతి కావాలి. తండ్రి కువైట్‌లో డ్రైవరు. విదేశంలో ఉన్న తండ్రి అక్కడి మన ఎంబసీకి వెళ్ళి సంతకం పెట్టి ధ్రువీకరించిన అఫిడవిట్ పంపాలి. ఆయనకు సెలవు శుక్రవారమే. శుక్రవారం ఎంబసీ మూసి ఉంటుంది. మామూలు రోజు సెలవు అడిగితే యజమాని రెండు వారాలు ఆగమన్నాడు. ఈలోపు ఇక్కడ ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, స్కూలు రికార్డులో ఒక్క ఇనీషియలే ఉంది, అది సరిచేయించడానికి ఒక వారం పోయింది. కడప పోస్టాఫీసులోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది కాబట్టి దూరం సమస్య కాలేదు, కానీ కాగితం ఒక్కటి తక్కువైనా ఇంకో రోజు రావాల్సిందే.

గడువు దాటిపోయింది. ఆ పిల్ల స్థానంలో వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకో బడి అబ్బాయి వెళ్ళాడు. వాడికి అప్పటికే పాస్‌పోర్ట్ ఉంది. వాడిది తప్పేమీ లేదు, బాగా చదివే పిల్లోడే. కానీ ఎంపిక చివరికి ఏ అర్హత మీద జరిగిందో నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు.

ఆ తర్వాత ఒక రోజు కూర్చుని ఖర్చు లెక్క రాశాను. పాస్‌పోర్ట్ ఫీజు మైనర్‌కు 1,000 రూపాయలు. నోటరీ, ఫోటోలు, ఆధార్ మార్పు, కడపకు నాలుగు సార్లు ఇద్దరి ఛార్జీలు, నాలుగు రోజులు వాళ్ళమ్మ కూలి పోవడం, అక్కడ వాళ్ళ నాన్న జీతంలో కోత. అన్నీ కలిపితే తొమ్మిది వేలు దాటింది. లక్షన్నర, రెండు లక్షల ప్రయాణాన్ని ఎవరో భరిస్తామంటే, ఈ తొమ్మిది వేలు ఎవరి పద్దులోనూ లేక మా పిల్ల ఆగిపోయింది.

ఇలాంటి కార్యక్రమాలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అప్పటి నుంచి చదువుతూ వచ్చాను. మన పిల్లలకు బాగా అందుబాటులో ఉన్నది జపాన్ వాళ్ళ సకురా సైన్స్ కార్యక్రమం. జపాన్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఏజెన్సీ 2014లో మొదలుపెట్టింది, 2016 నుంచి మన హైస్కూలు పిల్లలు వెళ్తున్నారు, దాదాపు వారం రోజులు, విమాన ఖర్చుతో సహా వాళ్ళే పెట్టుకుంటారు. రష్యాతో ఇంకో రకం ఏర్పాటు ఉండేది. నీతి ఆయోగ్ కింద ఉన్న అటల్ ఇన్నోవేషన్ మిషన్, సోచీలో ప్రతిభ ఉన్న పిల్లల కోసం పెట్టిన సిరియస్ కేంద్రం కలిసి నడిపాయి. 2018లో రష్యా పిల్లలు ఢిల్లీ వచ్చి మన టింకరింగ్ ల్యాబ్ (బడుల్లో పిల్లలు తమ చేతులతో పరికరాలు చేసి నేర్చుకునే ల్యాబ్) పిల్లలతో కలిసి పనిచేశారు, 2019లో మనవాళ్ళు సోచీ వెళ్ళారు, కరోనా వచ్చాక 2020లో ఆన్‌లైన్‌లో చేశారు. రావడం, పోవడం రెండూ ఉన్నాయి కాబట్టి నాకు ఆ పద్ధతి ఎక్కువ నచ్చింది. అమెరికా వాళ్ళది కెన్నెడీ-లూగర్ యెస్ అని 2002లో పెట్టింది, ఒక విద్యా సంవత్సరమంతా అక్కడి కుటుంబంతో ఉండి చదవాలి, ఖర్చు అమెరికా ప్రభుత్వానిది. 2025 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ శాఖ ఇలాంటి కార్యక్రమాలకు ఇచ్చే డబ్బును కొంతకాలం ఆపేసింది, అప్పుడు నాకు అర్థమైంది, ఎంత మంచి పథకమైనా ఎక్కడో ఒక ఆఫీసులో సంతకం ఆగితే ఇక్కడ పిల్ల ప్రయాణం ఆగుతుందని.

మన ప్రభుత్వాలు పెట్టలేవా అంటే, పెట్టిన సందర్భం ఉంది. 2023 సెప్టెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల పిల్లలు 10 మంది న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి కార్యక్రమానికి వెళ్ళొచ్చారు. ఆ ఫోటో పేపర్లో వచ్చిన రోజు మా బడిలో పిల్లలు దాన్ని కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించారు. ఆ తర్వాత నెల రోజులు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే, "మనల్ని కూడా తీసుకుపోతారా సార్?"

ఇక కంపెనీల డబ్బు. మా జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీలకు తక్కువ లేదు. ఒక నిర్దిష్ట స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్ కింద, అంటే సమాజానికి పనికొచ్చే పనుల మీద, ఖర్చు చేయాలని 2013 కంపెనీల చట్టం చెబుతుంది. ఆ ధైర్యంతోనే ఒక కంపెనీ ఆఫీసుకు వెళ్ళి పిల్లల ప్రయాణానికి అడిగాను. అక్కడి ఆయన మర్యాదగా కూర్చోబెట్టి రూలు చూపించాడు. 2021 జనవరిలో సవరించిన నిబంధనల ప్రకారం, దేశం బయట చేసే పనికి పెట్టిన ఖర్చు సీఎస్ఆర్ కింద లెక్కకు రాదు. ఒక్క మినహాయింపు ఉంది, రాష్ట్రం తరఫునో దేశం తరఫునో ఆడే క్రీడాకారుల శిక్షణ. ఆటగాళ్ళకు ఆ వీలు ఇవ్వడం చాలా మంచి పని, దాన్ని తీసేయమని ఎవరూ అడగరు. అదే వాక్యంలో దేశం తరఫున సైన్స్ పోటీకి, రోబోటిక్స్ పోటీకి వెళ్ళే పిల్లల్ని కూడా చేర్చమని అడుగుతున్నాను. ఫస్ట్ గ్లోబల్ అనే రోబోటిక్స్ పోటీ 2017 నుంచి ఏటా జరుగుతోంది, కరోనా కాలంలో ఆన్‌లైన్‌లో పెట్టింది తప్పిస్తే ఒక్కో ఏడు ఒక్కో దేశంలో, దేశానికి ఒక జట్టు. ఆ పిల్లలూ జెండా పట్టుకునే వెళ్తారు కదా.

రూలు మారేదాకా ఒక దారి ఉంది. పాస్‌పోర్ట్, కాగితాలు, ఇంగ్లీషులో నాలుగు మాటలు ధైర్యంగా మాట్లాడే శిక్షణ, ప్రాజెక్టు సామాన్లు, ఇవన్నీ ఇక్కడే అయ్యే ఖర్చులు, విద్యకు సాయం కిందికి వచ్చేవి. కంపెనీల్ని విమానం టికెట్టు అడగడం మానేసి ఇవి అడగాలి.

మా స్టాఫ్ రూములో ఒక మేడమ్ అడిగిన మాట కూడా చెప్పాలి, ఎందుకంటే అది న్యాయమైన మాట. "ఒక్క పిల్లకు పెట్టే రెండు లక్షలతో మన ల్యాబ్ మొత్తం బాగుపడుతుంది కదా సార్, మూడు వందల మంది వాడుకుంటారు." నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు ఒక్కో బడికి కేంద్రం ఇచ్చేది 20 లక్షల దాకా, అది రాని బడుల్లో పగిలిన బీకర్లతో నెట్టుకొస్తున్నాం. ల్యాబ్ డబ్బు తీసి ప్రయాణానికి పెట్టమంటే నేనూ ఒప్పుకోను. కానీ ఆ రెండు లక్షలు ల్యాబ్‌కు వచ్చే డబ్బు కాదు, జపాన్ వాళ్ళు జపాన్ ప్రయాణానికి పెట్టేది, మనం తీసుకోకపోతే ఇంకో బడికి పోతుంది. ఇంకో సంగతి, ఒక పిల్ల వెళ్ళొస్తే ఆ బడిలో మిగతా పిల్లలు ప్రాజెక్టు చేసే తీరే మారుతుంది. మా పక్క మండలం బడిలో అది చూశాను, ఒకబ్బాయి వెళ్ళొచ్చిన మరుసటి ఏడు సైన్స్ ఫెయిర్‌కు పేర్లు ఇచ్చినవాళ్ళు ఆరుగురి నుంచి నలభై దాటారు.

ఈ ఏడు మేము చేస్తున్నది ఇది. ఎంపిక జరిగాక పాస్‌పోర్ట్ కోసం పరుగెత్తడం మానేశాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ప్రాజెక్టులు చేసే పిల్లలందరికీ ముందే చేయిస్తున్నాం. పదిహేనేళ్ళలోపు పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్ళు చెల్లుతుంది, మధ్యలో 18 నిండితే అప్పటిదాకా, అంటే హైస్కూలు, ఇంటర్ రెండింటికీ సరిపోతుంది. ముందు ఆధార్, స్కూలు రికార్డు పేర్లు కలుస్తున్నాయో లేదో చూస్తున్నాం, తర్వాతే దరఖాస్తు. డబ్బు పాత విద్యార్థులది, తలా ఐదు వందలు, వెయ్యి. ఎక్కువ పంపింది కువైట్‌లో ఉన్నవాళ్ళే. పద్నాలుగు మందికి మొదలుపెట్టాం, తొమ్మిది పాస్‌పోర్టులు వచ్చేశాయి. మోటారు బజర్ చేసిన అమ్మాయి ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది, ఆదివారాలు వచ్చి చిన్నపిల్లల దరఖాస్తులు తనే నింపుతోంది, ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో ఆమెకు తెలిసినంత నాకు తెలియదు.

మిగిలిన ఐదుగురి నాన్నలూ కువైట్‌లోనే ఉన్నారు. ఇది చదివేవాళ్ళలో అక్కడ ఉన్నవాళ్ళెవరైనా, ఒక పని రోజున వాళ్ళను ఎంబసీకి కార్లో తీసుకెళ్ళి అఫిడవిట్ పని దగ్గరుండి చేయించగలిగితే, లేదా సెలవు కోసం వాళ్ళ యజమానితో అరబ్బీలో ఒక మాట మాట్లాడగలిగితే, కింద రాయండి. వివరాలు నేను పంపుతాను.