రోనాల్డ్ రాస్ పరిశోధన: దోమకాటు వ్యాధుల పాఠాన్ని నేను చదివిన పద్ధతి

గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న మిత్రులకు నమస్కారం. సైన్స్ అండ్ టెక్నాలజీలో అంటువ్యాధుల పాఠం వచ్చేసరికి చాలామంది వ్యాధి పేరు, దోమ పేరు, శాస్త్రవేత్త పేరు పట్టికగా రాసుకుని కంఠస్థం చేస్తారు. తేలిక బిట్లకు అది సరిపోతుంది గానీ, మెయిన్స్‌లో ఆదుకోదు. ఒక శాస్త్రవేత్త ఏ ఏడాది, ఏ ఊళ్లో, ఏ దోమలో ఏం చూశారు, ఏది తేల్చకుండా మిగిల్చారు అన్న వరుసలో చదివాకే నాకు ఈ పాఠం మీద పట్టు చిక్కింది. అందుకు నేను ఎంచుకున్నది మలేరియాకూ దోమలకూ ఉన్న సంబంధాన్ని పరిశోధించిన వైద్యుడు రోనాల్డ్ రాస్‌ను. ఆయన మన సికింద్రాబాద్‌లో పనిచేయడం ఒక కారణం. ఆయన పని ఒక్కటి అర్థమైతే మిగతా పాఠం సులువవుతుందన్నది అసలు కారణం.

ముందుగా రాస్ చేయనివేమిటో రాసుకోండి, ఎందుకంటే బిట్లలో తికమక పెట్టేది అక్కడే. మలేరియా పరాన్నజీవిని రోగి రక్తంలో మొదట చూసింది ఫ్రెంచ్ సైనిక వైద్యుడు లావెరాన్, 1880లో, అల్జీరియాలో. బోదకాలు కలిగించే ఫైలేరియా క్రిములు దోమ శరీరంలో ఎదుగుతాయని చైనాలోని అమోయ్‌లో 1877లో గమనించింది బ్రిటిష్ వైద్యుడు పాట్రిక్ మాన్సన్. మలేరియాకూ దోమలకూ సంబంధం ఉంటుందన్న ఊహను 1894లో లండన్‌లో రాస్‌కు అందించింది కూడా మాన్సనే. 1857లో అల్మోరాలో పుట్టి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరిన రాస్ ఆ ఊహను పరీక్షకు పెట్టారు.

1897 ఆగస్టు నాటి సికింద్రాబాద్ ఘట్టాన్ని మాత్రం తొందరపడకుండా చదవండి. అంతకుముందు ఆయన కోసి చూసిన దోమలు ఎక్కువగా వేరే జాతులవి కావడంతో ఫలితం రాలేదు. ఈసారి మచ్చల రెక్కల దోమలను, అంటే మనం అనాఫిలిస్ అనే రకాన్ని, రక్తంలో నెలవంక ఆకారపు పరాన్నజీవులున్న హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టనిచ్చి, ఒక్కో దోమకు అణా చొప్పున అతనికి చెల్లించారు. ఆగస్టు 20న ఒక దోమను కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, దాని పొట్ట గోడలో గుండ్రని కణాలు, వాటిలో నల్లని రంగు రేణువులు కనిపించాయి. అవి రోగి రక్తంలోని మలేరియా పరాన్నజీవిలో కనిపించే రేణువుల వంటివే. మరునాడు మరో దోమను కోసినప్పుడు అవే కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. దోమ తాగిన రక్తం జీర్ణమై తరిగిపోవాలి. ఇక్కడ కణాలు రోజురోజుకీ పెరుగుతున్నాయి కనుక అక్కడున్నది ప్రాణమున్న జీవి. ఈ తర్కాన్ని మెయిన్స్ జవాబులో రెండు వాక్యాల్లో చెప్పగలిగితే, తేదీ ఒక్కటే రాసిన జవాబు కంటే మీది తప్పకుండా బరువుగా ఉంటుంది. ఏటా ఆగస్టు 20న ప్రపంచ దోమల దినం జరుపుకోవడానికి మూలం ఇదే.

అయితే కాటు ద్వారా జబ్బు సోకుతుందని అక్కడ రుజువు కాలేదు. బదిలీ మీద రాజపుతానాకు, ఆపైన కలకత్తాకు వెళ్లిన రాస్, 1898లో పక్షుల మలేరియా మీద, క్యూలెక్స్ అనే మరో రకం దోమలతో పనిచేశారు. ఆ ఏడాది జూలైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథికి చేరుతుందని, ఆ దోమలు కుడితే ఆరోగ్యంగా ఉన్న పక్షులకు జబ్బు వస్తుందని చూపారు. మనుషుల మలేరియా పరాన్నజీవి అనాఫిలిస్ దోమల్లో పూర్తి చేసే జీవితచక్రాన్ని అదే ఏడాది చివర ఇటలీలో గ్రాస్సి, బిన్యామి, బాస్టియానెల్లి నిరూపించారు. నోబెల్ 1902లో రాస్‌కు ఒక్కరికే దక్కింది. లావెరాన్‌కు 1907లో వచ్చింది. గ్రాస్సి బృందం పేరు లేకుండా ఈ జవాబు రాయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

తరువాతి కాలంలో రాస్ గణితం వైపు మళ్లిన సంగతిని మనవాళ్లు దాదాపు ఎవరూ చదవరు. మలేరియాను అరికట్టాలంటే చివరి దోమ వరకు చంపనక్కరలేదని, దోమల సాంద్రతను ఒక హద్దు కంటే కిందికి తెస్తే వ్యాధి దానంతటదే క్షీణిస్తుందని ఆయన సమీకరణాలతో చూపారు. కొవిడ్ రోజుల్లో వార్తల్లో విన్న, ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి జబ్బు సోకుతుందో చెప్పే ఆర్‌ నాట్ లెక్కకు మూలాలు ఈ ఆలోచనలోనే ఉన్నాయి. పబ్లిక్ హెల్త్ మీద వ్యాసం అడిగితే ఇది బాగా పనికొస్తుంది.

కరెంట్ అఫైర్స్‌ను కూడా ఈ నోట్స్ అంచునే రాసుకోండి. డెంగీ, చికున్‌గున్యా, జికా పక్కన ఏడిస్ దోమ. మెదడువాపు, బోదకాలు పక్కన క్యూలెక్స్. మలేరియా మందు ఆర్టెమిసినిన్ పక్కన 2015 నోబెల్ గ్రహీత టు యూయూ. 2030 నాటికి మలేరియా నిర్మూలన అన్న మన దేశ లక్ష్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసిన ఆర్‌టీఎస్,ఎస్ టీకా, 2023లో సిఫారసు చేసిన, పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే ఆర్21 టీకా రెండూ స్పోరోజోయిట్ దశ మీదే, అంటే దోమకాటుతో ఒంట్లోకి చేరి కాలేయానికి వెళ్లే పరాన్నజీవి రూపం మీదే గురిపెడతాయి. రాస్ కలకత్తాలో దోమ లాలాజల గ్రంథిలో చూసింది ఆ దశనే. కాబట్టి జవాబులో జీవితచక్రం బొమ్మ గీసేటప్పుడు లాలాజల గ్రంథి దగ్గర 1898 అని, మనిషి కాలేయంలోకి వెళ్లే బాణం దగ్గర టీకా పేర్లు రాయండి.