బోర్డంతా పచ్చగానే ఉంది

విదేశంలో ఏం ఉద్యోగమని అడిగితే మొదట్లో చెప్పడానికి తంటాలు పడేవాణ్ని. "నెట్‌వర్క్ మానిటరింగ్" అనగానే ఎదుటివాళ్లు "ఓహో" అని ఊరుకునేవాళ్లు. ఆ "ఓహో"కి అర్థం కాలేదనే అర్థం. చివరికి "రాత్రంతా తెరల ముందు కూర్చుంటా, ఏదైనా ఎర్రబడితే ఫోన్ చేసి లేపుతా" అని చెప్పడం మొదలుపెట్టాను. కావలి ఉద్యోగమే, కాకపోతే చేతిలో కర్రకి బదులు చెవికి హెడ్‌సెట్.

రాత్రి షిఫ్టు కొత్తగా దిగినవాళ్లకే పడుతుంది. ఇది ఎక్కడా రాసి ఉండదు. వీసా కాగితాల మీద కంపెనీ పేరున్నవాడు షిఫ్టు గురించి బేరాలాడడని రోస్టర్ వేసేవాళ్లకి తెలుసు. నేనూ ఆడలేదు. పైగా రాత్రిపూట మేనేజర్లు ఉండరు, నా ఇంగ్లిష్ వినేవాళ్లు తక్కువ, అదీ ఒక సుఖమే అనుకున్నాను. అలారం మోగితే అన్ని టీముల వాళ్లూ కలిసే బ్రిడ్జి కాల్‌లో నలభై మంది నా గొంతే వింటారని అప్పటికి తెలియదు.

మొదటి వారంలోనే ఒక రాత్రి, తెర మీది బోర్డులో పెట్టెకొకటి చొప్పున ఉండే గడుల్లో 214 ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. బుద్ధిమంతుడిలా పైనుంచి ఒక్కోదానికీ టికెట్ (ఫిర్యాదు నమోదు) తెరుస్తూ పోయాను. పందొమ్మిదో టికెట్ దగ్గర షిఫ్ట్ లీడ్ వచ్చి వెనక నిలబడింది. ఆవిడదీ ఈ దేశం కాదు. ఇద్దరికీ ఇంగ్లిష్ అరువు భాషే.

"ముందు ఏది పోయింది?" అని అడిగింది.

నేను చూడలేదు. ఆవిడ మౌస్ తీసుకుని జాబితాని టైము వారీగా సర్దింది. అన్నిటికంటే 40 సెకన్లు ముందు ఒక రౌటర్, అంటే దారులు కలిపే పెట్టె, పడింది. మిగతా 213 దాని వెనక ఉన్నవే. అవేవీ చావలేదు, వాటి దగ్గరికి వెళ్లే దారి మూసుకుపోయింది. మేం వాడే నాగియోస్ అనే కాపలా సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండింటికీ వేరువేరు మాటలున్నాయి: డౌన్, అన్‌రీచబుల్. ఏ పెట్టె ఏ పెట్టె వెనక ఉందో ముందే రాసిపెడితే ఆ తేడా అదే చెబుతుంది. ఆ సైటుకి, అంటే ఆ కస్టమర్ ఆఫీసుకి, ఎవరూ రాయలేదు. అది అలారం మోగని రోజున చెయ్యాల్సిన పని, అలారం మోగని రోజున ఎవరికీ గుర్తురాని పని.

నాగియోస్‌ని ఈథన్ గాల్‌స్టాడ్ 1999లో నెట్‌సెయింట్ పేరుతో విడుదల చేశాడు, 2002లో పేరు మారింది. దాని పద్ధతి మహా సాదాసీదా. చెక్ చేసే చిన్న ప్రోగ్రాం పని ముగించి ఒక అంకె ఇస్తుంది. 0 అయితే బాగుంది, 1 అయితే హెచ్చరిక, 2 అయితే ప్రమాదం. 3 కూడా ఉంది: అన్‌నోన్. చూడబోయాను, కుదరలేదు, బాగుందో లేదో చెప్పలేను అని. తెర మీద నారింజ రంగులో కనబడుతుంది.

ఆ 3 అంటే నాకు మొదట చిరాకు, తర్వాత అసూయ. కాల్‌లో ఎవరైనా ప్రశ్న వేస్తే "తెలియదు" అనడానికి నాకు నోరు వచ్చేది కాదు. పరాయి చోట కొత్తవాడు తెలియదంటే పనే రాదనుకుంటారేమోనని భయం. అందుకని "చెక్ చేస్తున్నాం" అనేవాణ్ని. పది నిమిషాల తర్వాతా అదే. అవతలివాళ్లకి అది "సర్దుకుంటోంది" అన్నట్టు వినబడేది. వాళ్లు వాళ్ల పైవాళ్లకి అలాగే చెప్పేసేవాళ్లు. ఆ చెక్ చేసే పాతిక లైన్ల స్క్రిప్టుకి ఉన్న ధైర్యం నాకు లేకపోయింది.

ఇంకో రాత్రి, బోర్డంతా పచ్చగా ఉండగా ఫోన్ మోగింది. కస్టమర్ ఆఫీసు నుంచి. ఫైళ్లు అప్‌లోడ్ కావడం లేదు, సగంలో ఆగిపోతున్నాయి. ఆ సైటుకి పింగ్, అంటే "ఉన్నావా?" అని అడిగే చిన్న కబురు, పంపి చూశాను: జవాబుకి 38 మిల్లీసెకన్లు, ఒక్క ప్యాకెట్ (డేటా మూట) కూడా దారిలో తప్పిపోలేదు. లాగిన్ పేజీ తెరుచుకుంటోంది. "మా వైపు అంతా బాగానే ఉందండీ" అన్నాను. ఆయన మర్యాదస్తుడు. కాసేపాగి, "మీ వైపు బాగుంటే నాకు ఒరిగేదేముంది?" అన్నాడు.

పావుగంటలో అదే ఆఫీసు నుంచి మరో ముగ్గురు. బ్రిడ్జి తెరిచాం. సర్వర్ వాళ్లు నెట్‌వర్క్ అన్నారు, నెట్‌వర్క్ వాళ్లు మా బోర్డునే సాక్ష్యం చూపించి సర్వర్ అన్నారు. ఇలాంటప్పుడు పచ్చ బోర్డు లేకపోవడమే నయం.

లీడ్ కుర్చీ జరుపుకుని, "నీ పింగ్ సైజెంత?" అంది.

సైజు గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. లినక్స్ పింగ్ మామూలుగా 56 బైట్ల డేటా పంపుతుంది, హెడర్లు (చిరునామా చీటీలు) కలిపితే 84. పోస్టుకార్డు లాంటిది. ఫైలు పంపేటప్పుడు వెళ్లేవి 1500 బైట్ల నిండు మూటలు. "ఆయన కంప్యూటర్ నుంచే పంపించు. ముక్కలు చెయ్యొద్దన్న గుర్తు పెట్టి, 1472" అంది. 1472కి 28 బైట్ల హెడర్లు కలిస్తే సరిగ్గా 1500.

ఆ కమాండ్‌ని ఫోన్‌లో చెప్పడం ఆ రాత్రి అన్నిటికంటే కష్టమైన పని. విండోస్‌లో మైనస్ ఎఫ్, మైనస్ ఎల్. నా "ఎఫ్" ఆయనకి "ఎస్"గా వినబడింది, ఎర్రర్ వచ్చింది. నా "ఎల్" విని ఆయన ఒకటి అంకె కొట్టాడు, మళ్లీ ఎర్రర్. మూడోసారికి లీడ్ కాగితం మీద "ఫాక్స్‌ట్రాట్, లీమా" అని రాసి నా ముందుకి తోసింది. విమానాల వాళ్లు అక్షరాలకి వాడే పేర్లు. ఆ వారమే ఇరవై ఆరూ బట్టీపట్టాను. యాస మార్చుకోవడం కంటే అది తేలిక.

1472: జవాబు లేదు. 1452: లేదు. 1400: లేదు. 1372 అనగానే టపటపా నాలుగు జవాబులు.

బ్రిడ్జిలో మ్యూట్ తీసి చెప్పాను: "32 బైట్లు వెళ్తున్నాయి. 1372 వెళ్తున్నాయి. 1400 వెళ్లడం లేదు. కారణం తెలియదు." ఎవరూ నవ్వలేదు, కసురుకోలేదు. నెట్‌వర్క్ ఆయన "ఆగండి, సాయంత్రం దారి మళ్లించాం కదా" అన్నాడు.

మెయింటెనెన్స్ కోసం ఆ సైటు ట్రాఫిక్‌ని బ్యాకప్ దారిలోకి తిప్పారు. అందులో ఒక టన్నెల్ ఉంది, ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపే దారి. టన్నెల్ తన హెడర్లు తగిలించుకుంటుంది కాబట్టి మన ప్యాకెట్‌కి మిగిలిన చోటు 1400 బైట్లే. అంతకంటే పెద్దది వస్తే అక్కడి రౌటర్ "ఇది పట్టదు, చిన్నది పంపు" అని ఐసీఎంపీ (పింగ్ కూడా వాడే కబుర్ల పద్ధతి) కబురు వెనక్కి పంపాలి. పంపుతూనే ఉంది. కస్టమర్ వైపు ఫైర్‌వాల్, భద్రత పేరుతో, పింగ్ జవాబులు తప్ప ఐసీఎంపీ కబుర్లన్నిటినీ గుమ్మంలోనే ఆపేస్తోంది. పంపేవాడికి సంగతి తెలియక అదే పెద్ద మూట మళ్లీ మళ్లీ ఎత్తుతున్నాడు. టన్నెల్ దగ్గర టీసీపీ సెగ్మెంట్ సైజుని, అంటే ఒక్కో మూటలో పెట్టే డేటాని, 1360 బైట్లకి కుదించారు. రెండు నిమిషాల్లో అప్‌లోడ్లు నడిచాయి. బోర్డు మీద మాత్రం ఏమీ మారలేదు, ముందూ పచ్చే, తర్వాతా పచ్చే.

పింగ్‌ని మైక్ మూస్ అనే ఆయన 1983 డిసెంబరులో రాశాడు. సోనార్ చేసే చప్పుడే దాని పేరు. సోనార్ ఎదురుగా ఏదో ఉందని చెబుతుంది, దాని లోపల మనుషులు ఎలా ఉన్నారో చెప్పదు. దాని తప్పేం లేదు, మనం అడిగిందే అంత. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ అడిగితే "బాగున్నానమ్మా" అంటానే, అదీ 56 బైట్ల జవాబే.

ఆ తర్వాత పింగ్‌తో పాటు అసలు పనినే చేసి చూసే చెక్ పెట్టాం. ప్రతి 5 నిమిషాలకి సైటు వైపు నుంచి 2 ఎంబీ ఫైలు అప్‌లోడ్ చెయ్యాలి, ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి, ఆ ఫైలు తుడిచెయ్యాలి. స్క్రిప్టు నేనే రాశాను, గర్వంగా కూడా ఉంది. తుడిచే అధికారం స్క్రిప్టు వాడే ఖాతాకి లేదన్న సంగతి చూసుకోలేదు. రోజుకి 288 ఫైళ్లు, 576 ఎంబీ. డెబ్భై రోజులకి 40 జీబీ డిస్కు నిండి అప్‌లోడ్లు ఆగిపోయాయి. ఆ సర్వీసు ఆగిందని అందరికంటే ముందు చెప్పింది నా చెక్కే. ఆపిందీ అదే.

సర్వీసు ఎంత శాతం సమయం నడవాలో ఒప్పందాల్లో రాసే తొమ్మిదుల గురించి కూడా ఒక మాట. 99.9 శాతం అంటే ఏడాదికి 8 గంటల 46 నిమిషాలు ఆగొచ్చు. 99.999 అంటే 5 నిమిషాల 15 సెకన్లు. ప్రతి 5 నిమిషాలకి ఒకసారి తొంగిచూసే పద్ధతితో ఐదు తొమ్మిదులు కొలిచామని చెప్పే రిపోర్టులు నేనే తయారుచేశాను. రెండు చూపుల మధ్య 4 నిమిషాలు పడిపోయి లేచినా మాకు తెలియదు. సగటు సంగతీ అంతే. జవాబు రావడానికి 95 మందికి 40 మిల్లీసెకన్లు, ఐదుగురికి 3 సెకన్లు పడితే సగటు 188 మిల్లీసెకన్లు. ఆ 188 ఆ వందమందిలో ఎవరికీ జరగలేదు. ఫోన్ చేసేది మాత్రం ఆ ఐదుగురే.

కావలివాడు ఎక్కడ నిలబడ్డాడన్నది ఇంకో తలనొప్పి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ వాళ్ల ఫైళ్లు దాచే సేవ ఎస్3 ఆగినప్పుడు వాళ్ల స్టేటస్ పేజీ చాలాసేపు పచ్చగానే ఉంది. దాన్ని మార్చే కన్సోల్ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉండటంతో మార్చలేకపోయారు. ఆ సంగతి చదివిన రోజు మా అలారం మెసేజీలు ఏ దారిన బయటికి వెళ్తాయో వెతికాను. మేం కాపలా కాసే లింకు మీదుగానే. ఇప్పుడు విడిగా ఒక మొబైల్ సిమ్ పెట్టాం.

నాకిప్పుడు నైట్ షిఫ్టులు నెలకి నాలుగే. పగటి షిఫ్టుకి వచ్చేది మన తెలుగు అన్నే. హ్యాండోవర్ రిజిస్టర్ రాసేది ఇంగ్లిష్‌లో, టైములు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో), మాట్లాడుకునేది తెలుగులో. మొన్న ఉదయం ఆయన బ్యాగు దింపుతూనే తెర వైపు చూశాడు. కింద మూలన ఒక గడి నారింజ రంగులో ఉంది, ఎనిమిది నెలలుగా ఉంది. పాత స్టోరేజ్ పెట్టెలో ఫ్యాన్ చెక్. ఒక్కోసారి అంకె ఇస్తుంది, ఒక్కోసారి ఇవ్వదు.

"ఇంకా ఉందేంట్రా అది?"

"ఉందన్నా."

"తీసెయ్యకూడదూ?"

"ఫ్యాన్ తిరుగుతోందో లేదో తెలియదు కదన్నా."

ఆయన రిజిస్టర్ తన వైపు తిప్పుకుని, నేను రాసిన "కారణం తెలియదు" కింద సంతకం పెట్టాడు. నేను హెడ్‌సెట్ తీసి డ్రాయర్‌లో పెట్టాను.